చోటు, తిప్పు, దిక్కు: ఒక చీటీకి ప్రతిపదార్థం

పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొన్న రోటరీ జాయ్‌స్టిక్కుల జతతో పాటు అట్టపెట్టెలో ఒక చీటీ వచ్చింది. దానిమీద బాల్‌పెన్నుతో ఒకే ఒక్క వాక్యం: "రోటరీ స్టిక్కు కామన్‌ని గ్రౌండుకీ, పన్నెండు కాంటాక్టుల్ని ఎన్‌కోడరుకీ కలిపితే ఆటలో మనిషి తిరుగుతాడు."

ఈ వాక్యంలో అబద్ధం లేదు. అయినా దీన్ని నమ్మి ఇంట్లో ఆర్కేడ్ క్యాబినెట్టుకి వైరింగు చేసుకున్నవాడికి మూడు ఆదివారాలు నీళ్లలో కలిసిపోయాయి. ఆ చేసుకున్నవాణ్ని నేనే. తప్పు వాక్యంలో లేదు, పదాల్లో ఉంది. ప్రతి పదమూ మనకి ముందే తెలిసినట్టు కనిపిస్తుంది. కానీ మనకి తెలిసిన అర్థం ఒకటి, ఇక్కడ పనికొచ్చే అర్థం మరొకటి. అందుకని వెనకటి పంతుళ్లు పద్యానికి చెప్పినట్టు దీనికి ప్రతిపదార్థం చెప్పుకుంటూ వెళ్తాను. తొందరున్నవాళ్లు మామూలు స్టిక్కు కొనుక్కోవడం మంచిది.

రోటరీ

అంటే తిరిగేది. ఏది తిరుగుతుంది, దేని చుట్టూ తిరుగుతుంది అన్న దగ్గరే తికమక మొదలవుతుంది.

మామూలు జాయ్‌స్టిక్కుని వంచుతాం. తొంభైల్లో మన ఊళ్ల వీడియో గేమ్ షాపుల్లో రూపాయి బిళ్ల వేసి "ముస్తఫా" ఆడినవాళ్లందరి చేతికీ ఆ వంపు తెలుసు. (ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, పాత్ర పేరే మన దగ్గర ఆట పేరైపోయింది.) రోటరీ స్టిక్కు ఆ వంపుని అలాగే ఉంచుకుని, దానికి తోడు తన నిలువు ఇరుసు మీద మెలితిరుగుతుంది. అంటే స్క్రూడ్రైవరు పిడిని తిప్పినట్టు కర్రని కుడికీ ఎడమకీ తిప్పొచ్చు. వంపు నడకకి, మెలిక గురికి. సైనికుడు ఎడమవైపు పరుగెత్తుతూనే కుడివైపు కాల్చగలడు. ఈ రెండు పనులూ ఒకే చేతికి ఇవ్వడమే ఈ స్టిక్కు ఘనత.

జపాన్ కంపెనీ ఎస్‌ఎన్‌కే దీనికి "లూప్ లివర్" అని పేరు పెట్టుకుంది. 1985లో వచ్చిన ట్యాంకు ఆట టీఎన్‌కే 3లో ఇది ఉంది. 1986లో వచ్చిన ఇకారి వారియర్స్‌తో దీనికి పేరొచ్చింది. అదే ఏడాది విక్టరీ రోడ్, మరుసటి ఏడు గెరిల్లా వార్ వచ్చాయి. డేటా ఈస్ట్ కంపెనీ కూడా ఇలాంటి స్టిక్కుతోనే 1987లో హెవీ బ్యారెల్, 1989లో మిడ్‌నైట్ రెసిస్టెన్స్ తెచ్చింది. నా చేతికి చిక్కినవి సేమిట్సు సంస్థ తయారుచేసిన ఎల్‌ఎస్-30 రకం. కర్ర తల గుండ్రంగా ఉండదు, కోణాలు తీరి ఉంటుంది. బంతిలా ఉంటే వంచడానికి హాయే గాని, తిప్పేటప్పుడు వేళ్లు జారతాయి.

ఇక ఏది కాదో చెప్పాలి. 1981 నాటి టెంపెస్ట్ ఆటలో ఉన్నది స్పిన్నరు. అది వంగదు, తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడా టక్కుమని ఆగదు. 1982 నాటి ఫ్రంట్ లైన్‌లో నడకకి ఒక స్టిక్కు, గురికి పక్కన వేరే గుండీ ఉన్నాయి. రెండు చేతులూ కావాలి. అదే ఏడాది వచ్చిన రోబోట్రాన్‌లో గురికి రెండో స్టిక్కే పెట్టారు. రేడియో వాల్యూమ్ గుండీ కూడా ఇది కాదు. ఆ గుండీ ఒక చివర మొదలై మరో చివర ఆగిపోతుంది, దాని లోపల నిరోధం కొంచెం కొంచెంగా మారుతుంది. రోటరీ స్టిక్కుకి మొదలూ చివరా లేవు. లోపల కొంచెం కొంచెంగా మారేదీ ఏదీ లేదు. ఒక మెట్టు, ఆ తర్వాత ఇంకో మెట్టు, అంతే.

స్టిక్కు

ఒక కర్రలో రెండు యంత్రాలున్నాయని గుర్తుంటే చాలు. పైభాగం వంపుకి: నాలుగు స్విచ్చులు, వాటికొక కామన్, వెరసి అయిదు తీగలు. కింద వేలాడే డబ్బీ మెలికకి: పన్నెండు కాంటాక్టులు, ఒక కామన్, వెరసి పదమూడు. పైవాటి వైరింగు ఏ జాయ్‌స్టిక్కుకైనా ఒకటే, దాని మీద వ్యాఖ్యానం అనవసరం.

కామన్

అంటే ఉమ్మడి తీగ. డబ్బీ లోపల వలయంలో పన్నెండు లోహపు బొట్లు ఉంటాయి. గడియారం ముఖం ఊహించుకోండి, అంకెల చోట బొట్లు. నడుమ ముల్లులాంటి రేకు ఒకటి కర్రతో పాటు తిరుగుతూ ఒక్కో బొట్టునీ తాకుతుంది. దాన్ని వైపర్ అంటారు. ఆ ముల్లు నుంచి వచ్చే తీగే కామన్. పన్నెండు బొట్లలో ముల్లు తాకినదానికీ కామన్‌కీ మధ్య మాత్రమే దారి ఉంటుంది. మిగతా పదకొండూ తెగి ఉంటాయి.

పాత స్టిక్కుల్లో తీగల రంగులని నమ్మకూడదు. ముప్పై ఏళ్లలో ఎవరు ఏ తీగ మార్చారో ఎవరికి తెలుసు? కామన్‌ని రంగుతో పోల్చవద్దు, పరీక్షతో పట్టుకోవాలి. మల్టీమీటరుని బీప్ స్థానంలో పెట్టండి. ఒక మొనని ఏదో ఒక తీగకి తగిలించి, రెండోదాన్ని మిగతా పన్నెండింటికీ వరసగా తాకించండి. బీప్ వచ్చిందంటే ఆ రెంటిలో ఒకటి కామన్. ఏది? కర్రని ఒక క్లిక్కు తిప్పండి, మళ్లీ ఆ రెంటినీ మిగతావాటితో పరీక్షించండి. ఇప్పుడు కొత్త తీగతో బీప్ ఇచ్చేదే కామన్, మూగపోయింది బొట్టు. మొదటి తీగకి దేనితోనూ బీప్ రాకపోతే మరో తీగతో మొదలుపెట్టాలి. దొరికిన కామన్‌కి టేపు చుట్టి, ఒక మొనని దానికే ఉంచి, కర్రని క్లిక్కు క్లిక్కుకీ తిప్పుతూ ఏ తీగ పలికితే దానికి 0, 1, 2 అని 11 దాకా చీటీలు అంటించండి. వరస ముఖ్యం. ఎక్కడ మొదలుపెట్టారన్నది ముఖ్యం కాదు. ఎందుకు కాదో చివరి పదం దగ్గర చెబుతాను.

గ్రౌండు

ఈ మాట మన ఇళ్లలో ప్రమాదకరం. "ఎర్త్" అన్నా "గ్రౌండ్" అన్నా ఒకటే అనుకుని, స్టిక్కు కామన్‌ని గోడ సాకెట్టులోని మూడో రంధ్రం దాకా లాగినవాణ్ని చూశాను. ఇక్కడ గ్రౌండు అంటే ఎన్‌కోడరు బోర్డు మీద ఆ పేరుతో ఉన్న పిన్ను. అనగా ఆ బోర్డు తన వోల్టేజీలన్నిటినీ ఎక్కడి నుంచి కొలుచుకుంటుందో ఆ సున్నా. ఇంటి ఎర్తింగు వేరే సంగతి. క్యాబినెట్టులో లోహపు ప్యానెలు ఉంటే దాన్ని ఎర్తింగుకి కలపాలి, ఎలక్ట్రీషియన్ చేత కలిపించాలి. అది మనిషి ప్రాణానికి. స్టిక్కు కామన్ బోర్డు గ్రౌండుకి. అది ఆటకి.

కామన్‌ని సున్నాకి కలిపితే, ముల్లు తాకిన బొట్టు కూడా సున్నా అవుతుంది. మరి తాకని బొట్లు? వాటిని ఎవరూ పట్టుకోకపోతే గాలికి ఊగుతాయి. అంటే ఒకసారి ఒకటి, మరోసారి సున్నా చదువుతాయి. అందుకని ప్రతి తీగనీ ఒక నిరోధం ద్వారా పైకి లాగి ఉంచుతారు. దాన్నే పుల్-అప్ అంటారు. లాగినంతసేపూ ఒకటి, ముల్లు తాకగానే సున్నా. తాకింది సున్నా, తాకనిది ఒకటి. మన సహజబుద్ధికి ఇది తలకిందులు. "నొక్కితే సున్నా ఏమిటి" అని మొదట అందరూ ప్రోగ్రాములో తప్పు రాస్తారు. ప్రోగ్రాము పెట్టుకోగల ఆర్డ్వీనో తరగతి బోర్డుల్లో ఈ నిరోధం చిప్పులోనే ఉంటుంది, ఒక మాటతో ప్రోగ్రాములో ఆన్ చెయ్యొచ్చు.

పన్నెండు

360ని 12తో భాగిస్తే 30. ఒక్కో క్లిక్కూ ముప్పై డిగ్రీలు. లెక్క తేలికే గాని, దీన్నుంచి "ఆటలో మనిషి పన్నెండు దిక్కులకి చూస్తాడు" అని తేల్చేస్తారు చూడండి, అక్కడే బోల్తా. పన్నెండు అన్నది స్విచ్చు లెక్క. ఆ పన్నెండింటికి ఏ అర్థం చెప్పుకోవాలో ఆటని రాసినవాళ్ల ఇష్టం.

పంపే తీరు కూడా అన్ని ఆటల్లో ఒకటి కాదు. హెవీ బ్యారెల్ ప్రోగ్రాము పన్నెండు బిట్లు చదువుతుంది. పదకొండు ఒకట్లు, ఎక్కడో ఒక సున్నా. ఎస్‌ఎన్‌కే ఆటల ప్రోగ్రాముకి అదే విషయం నాలుగు బిట్ల సంఖ్యగా అందుతుంది. నాలుగు బిట్లలో పదహారు విలువలు పడతాయి, వాటిలో పన్నెండు వాడుకున్నారు. మిగిలినవాటిలో 15కి, అంటే నాలుగూ ఒకట్లే అయినదానికి, ఒక గమ్మత్తు పని ఉంది. ముల్లు ఏ బొట్టునీ తాకకుండా నడిమధ్యలో ఉందని దానర్థం. గెరిల్లా వార్ ప్రోగ్రాము ఒకచోట ఈ ఖాళీ వస్తుందా లేదా అని కనిపెట్టుకుని ఉంటుంది. నిజం స్విచ్చులో అది తప్పకుండా వస్తుంది. పాత ఆటల్ని కంప్యూటరులో నడిపే మేమ్ ఎమ్యులేటరులో స్విచ్చే లేదు కనక, దాన్ని రాసినవాళ్లు ఆ ఖాళీ విలువని చేత్తో చొప్పించాల్సి వచ్చింది. లేని వస్తువుకి లోపం కల్పించడమన్నమాట.

కాంటాక్టులు

ఇందాక చెప్పిన బొట్లే. ముందు విడిచి తర్వాత తాకడం ఈ ముల్లు పద్ధతి. అంటే మూడో బొట్టుని పూర్తిగా వదిలాకే నాలుగో బొట్టుని అందుకుంటుంది. రెంటినీ ఒకేసారి తాకదు. కాబట్టి పన్నెండు సంఖ్యలే కాదు, పదమూడో స్థితి ఒకటుంది: ఏదీ లేకపోవడం. ప్రోగ్రాములో దీనికి చెప్పవలసిన అర్థం "ఇంకా తేలలేదు, పాత సంఖ్యే ఉంచు" అని. "సున్నాకి పో" అని కాదు. ఈ ఒక్క తప్పు వల్ల నా సైనికుడు ప్రతి క్లిక్కుకీ గిరుక్కున తిరిగి వెనక్కి వచ్చేవాడు, వీపుమీద ఎవరో తట్టినట్టు.

రెండో సంగతి మురికి. నా రెండో స్టిక్కు డబ్బీ విప్పి చూస్తే లోపల గ్రీజు ఎండి, మంగలపు అడుగున మాడిన నేతిలాగ నల్లటి పొర కట్టింది. బొట్ల మీద ముల్లు తిరిగినంత మేర సన్నటి మెరుపు గీత, దానికి అటూ ఇటూ మసి. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే పదకొండు బొట్లు రాగిరంగు తేలాయి. ఆరోది తేలలేదు. దగ్గరగా చూస్తే అక్కడ పూత లేచిపోయి గుంట పడింది. ఆ గుంటలో ముల్లు గాలిలో తేలుతోంది. గరుకు కాగితం పెట్టి రుద్దమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వద్దు. ఉన్న పూత కూడా పోతుంది, ఆ తర్వాత పన్నెండూ ఆరో బొట్టులాగే అవుతాయి.

మూడో సంగతి చిటపట. లోహం లోహాన్ని తాకేటప్పుడు ఒక్క దెబ్బకి కుదురుకోదు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది. మిల్లీసెకనుకి ఒకసారి చదివే ప్రోగ్రాము వరసగా అయిదుసార్లు ఒకే సంఖ్య వచ్చాకే దాన్ని నమ్మాలి. అయిదు మిల్లీసెకన్ల ఆలస్యం చేతికి తెలియదు. ఎందుకు తెలియదంటారా? ఎంత విసురుగా తిప్పినా సెకనుకి రెండు పూర్తి చుట్లు అనుకుందాం. అంటే ఇరవై నాలుగు క్లిక్కులు, ఒక్కోదానికి నలభై మిల్లీసెకన్ల పైమాటే.

ఎన్‌కోడరు

చీటీలో అన్నిటికన్నా మోసకారి పదం ఇది. దీనికి బజారులో మూడు అర్థాలున్నాయి. రోటరీ స్టిక్కు దగ్గరికి వచ్చేసరికి మూడూ ఒకేచోట ఢీకొంటాయి.

మొదటి అర్థం, రోటరీ ఎన్‌కోడరు. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఈ పేరు చెబితే చేతిలో పెట్టేది ఇదే. చిన్న గుండీ, అయిదు కాళ్లు, తిప్పితే రెండు తీగల మీద ఒకదాని వెనక ఒకటిగా పల్సులు వస్తాయి. ఏది ముందొచ్చిందో చూసి కుడో ఎడమో తేల్చుకోవాలి. అది తన చోటు ఎప్పుడూ చెప్పదు, కదలిక మాత్రమే చెబుతుంది. మన స్టిక్కు దీనికి సరిగ్గా వ్యతిరేకం. తన చోటు మాత్రమే చెబుతుంది, కదిలానని ఎప్పుడూ చెప్పదు. పేర్లు ఒకేలా ఉన్నాయని రోటరీ ఎన్‌కోడరు కోసం రాసిన ప్రోగ్రాముని తెచ్చి స్టిక్కుకి పెడితే ఏమవుతుందో నా మొదటి ఆదివారానికి తెలుసు.

రెండో అర్థం, కీబోర్డు ఎన్‌కోడరు, అంటే ఆర్కేడ్ బటన్ల తీగలు తీసుకుని కంప్యూటరుకి యూఎస్‌బీ కీబోర్డులాగ కనిపించే బోర్డు. ఇది ప్రతి తీగనీ ఒక కీ అనుకుంటుంది. దీనికి పన్నెండు కాంటాక్టుల్ని కలిపితే, కర్ర ఎక్కడ ఆగితే అక్కడి కీ నొక్కి పట్టుకున్నట్టే ఉండిపోతుంది. అంటే పొద్దస్తమానం ఎవరో ఒక కీ మీద వేలు పెట్టి కూర్చున్నట్టు. చీటీలో ఉన్నది ఈ అర్థమే, నా రెండో ఆదివారం దీనికి పోయింది.

మూడో అర్థం, మనకి నిజంగా కావలసింది. చోటుని తిప్పుగా మార్చేది. పాత చోటు గుర్తుంచుకుని, కొత్త చోటు చూసి, తేడా కట్టేది. దీన్ని ఎన్‌కోడరు అనడం కన్నా గుమస్తా అంటే నయం. కొత్తదాంట్లోంచి పాతది తీసెయ్, పన్నెండు కలుపు, పన్నెండుతో భాగించి శేషం చూడు. శేషం 1 అయితే కుడికి ఒక క్లిక్కు. 11 అయితే ఎడమకి ఒకటి. 2 అయితే కుడికి రెండు, నడుమ ఒక బొట్టు తప్పిపోయిందన్నమాట. సరిగ్గా 6 అయితే ఎటో చెప్పడం ఎవరి తరమూ కాదు, వదిలెయ్యాలి. 11 నుంచి 0కి దాటడం కూడా ఈ శేషంతోనే సరిపోతుంది, దానికి వేరే నియమం అక్కర్లేదు.

గుమస్తాకి నేను వాడింది ప్రో మైక్రో అనే చిన్న బోర్డు. యూఎస్‌బీ దానిలోనే ఉంది, పిన్నులు 18. మెలికకి పన్నెండు, వంపుకి నాలుగు, కాల్పుకీ గ్రెనేడుకీ రెండు. వెరసి పద్దెనిమిది, ఒక్కటి మిగల్లేదు. స్టార్టు బటనుకి, నాణేల స్విచ్చుకి చోటు లేదు. ఇక్కడ రెండు దార్లు కనిపిస్తాయి.

ఒకటి పొదుపు దారి. 0, 3, 6, 9 బొట్లని ఒక తీగకి ముడెయ్యాలి. 1, 4, 7, 10 ఇంకో తీగకి. 2, 5, 8, 11 మూడో తీగకి. పన్నెండు తీగలు మూడయ్యాయి. కుడికి తిప్పితే క-ఖ-గ-క అని, ఎడమకి తిప్పితే క-గ-ఖ-క అని పలుకుతుంది. ఏది ఎటో తేలిపోతుంది. ఎంత తెలివైన ఉపాయం! నా మూడో ఆదివారం దీని మీద మోజుతో పోయింది. ఎందుకంటే ఇది ప్రతి బొట్టూ బతికి ఉందన్న నమ్మకం మీద నిలబడింది. ఆరో బొట్టు చచ్చిపోయిన నా స్టిక్కుని కుడికి తిప్పితే 5 తర్వాత 7 వస్తుంది. 5 గ-తీగ, 7 ఖ-తీగ. గ నుంచి ఖకి అంటే ఎడమకి ఒక క్లిక్కు! చెయ్యి కుడికి రెండు క్లిక్కులు తిరిగితే మనిషి ఎడమకి ఒకటి తిరిగాడు. పన్నెండు తీగల పద్ధతిలో అదే 5 నుంచి 7కి శేషం 2, సరిగ్గా కుడికి రెండు. కొత్త స్విచ్చుకి పొదుపు దారి సరిపోతుంది, పాతదానికి కాదు. పాతది కాని రోటరీ స్టిక్కు ఎవరి దగ్గరుందో నాకు తెలియదు గాని.

రెండోది నమ్మకమైన దారి: 74హెచ్‌సీ165 అనే చిప్పు. ఇది ఎనిమిది తీగల్ని ఒక్కసారి ఫొటో తీసినట్టు పట్టుకుని, ఒక్కొక్కటిగా ఒకే తీగ మీద బోర్డుకి అందిస్తుంది. రెండు చిప్పుల్ని గొలుసుకడితే పదహారు తీగలు, బోర్డుకి అయ్యే ఖర్చు మూడు పిన్నులు. ఒక జాగ్రత్త: ఈ చిప్పులో పుల్-అప్ లేదు. ప్రతి తీగకీ పది కిలో ఓమ్‌ల నిరోధం బయట పెట్టుకోవాలి. మిగిలిపోయిన నాలుగు కాళ్లని కూడా గాలికి వదలకూడదు.

ఒకే పిన్నుతో పన్నెండు నిరోధాల నిచ్చెన కట్టే మూడో పద్ధతీ ఉంది. పాత బొట్టు మురికి పడితే దాని నిరోధమే మారిపోతుంది, నిచ్చెనలో మెట్టు తప్పుతుంది. ఇంతకన్నా దాని గురించి మాట్లాడను.

కలిపితే

"కలుపు" చిన్న పని, "-తే" పెద్ద పని. ఆ ప్రత్యయం వెనక ఎన్ని షరతులున్నాయో చీటీ రాసినాయన చెప్పలేదు.

మొదటి షరతు, తీగ వంగాలి. కింది డబ్బీ కర్రకే వేలాడుతుంది. వంచినప్పుడల్లా అది కూడా అటూ ఇటూ ఊగుతుంది. ఒక సాయంత్రం ఆటలో కొన్ని వేలసార్లు. గట్టి ఒంటితీగ పెడితే టంకం అంచు దగ్గర విరుగుతుంది. పైన ప్లాస్టిక్కు బాగానే ఉంటుంది, లోపల తెగి ఉంటుంది, కనిపించదు. చాలా పోగుల మెత్తటి తీగ వాడాలి. టంకం మీద హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. పదమూడు తీగల్నీ జడలాగ కట్టి, కర్ర ఎటు వంగినా బిగుసుకోనంత వదులు వదిలి, అప్పుడే క్యాబినెట్టు చెక్కకి క్లిప్పు కొట్టాలి. వదులు ఎక్కువైనా తప్పే, తీగ వంపు స్విచ్చుల మధ్య ఇరుక్కుంటుంది.

రెండో షరతు అసలు ఆర్కేడ్ బోర్డు పెట్టదలిచినవాళ్లకి. 1985లో వచ్చిన జామా ప్రమాణం (తినే జామతో సంబంధం లేదు; జపాన్ ఆటయంత్రాల తయారీదార్ల సంఘం పేరులోని పొడి అక్షరాలు) ప్రకారం బోర్డు అంచున 56 కాళ్లుంటాయి. వాటిలో కరెంటు, తెర, స్పీకరు, ఇద్దరి వంపులు, బటన్లు, నాణేలు ఉన్నాయి. మెలికకి ఒక్క కాలు కూడా లేదు. కాబట్టి "జామా క్యాబినెట్టు ఉంది, ఇక ప్లగ్గు పెట్టడమే" అనుకోకూడదు. మెలిక తీగలకి ఆ బోర్డు మీద వేరే కనెక్టరు వెతుక్కోవాలి, దాని కాళ్ల వరస ఆ బోర్డు సర్క్యూటు పటంలో చూసుకోవాలి.

మూడోది, 230 వోల్టుల తీగని, స్టిక్కు తీగల్ని ఒకే క్లిప్పులో బిగించవద్దు. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆటలో మనిషి తిరుగుతాడు

చీటీ ఇన్ని పదాలు దాటి ఇక్కడికి వచ్చాక అసలు చిక్కు బయటపడుతుంది. దాన్ని నాకంటే ముందు పట్టుకున్నది మా మేనల్లుడు. పదేళ్లవాడు, డబ్బీ పక్కన చతికిలబడి కర్రని తిప్పుతూ అడిగాడు: "మామయ్యా, బొమ్మ ఎటు చూస్తోందో ఈ కర్రకి ఎలా తెలుసు?"

తెలియదు. కర్రకి తెలిసింది చోటు ఒక్కటే, ముల్లు ఏ బొట్టు మీద ఉందో. గుమస్తా చెప్పేది తిప్పు, ఎటు ఎన్ని క్లిక్కులు జరిగాయో. తెర మీద కనిపించేది దిక్కు, మనిషి ఎటు చూస్తున్నాడో. చోటు, తిప్పు, దిక్కు మూడూ వేర్వేరు. చీటీ మొదటిదాన్ని చెప్పి మూడోదాన్ని వాగ్దానం చేసింది, రెండోదాని ఊసే ఎత్తలేదు.

కర్ర తలమీద "ఇది ముందు" అనే గుర్తు లేదని గమనించండి. ఆ తల ఎటు చూస్తోందని అడగడానికే వీల్లేదు. మేమ్ లోపల ఒక ఊహా స్టిక్కు ఉంటుంది, పన్నెండు చోట్లతో. మనం పంపే తిప్పుల్ని బట్టి అది జరుగుతుంది. మన చేతిలోది మూడో బొట్టు మీద, ఊహలోది తొమ్మిదో బొట్టు మీద ఉన్నా ఏ నష్టమూ లేదు. రెంటికీ ముఖం లేదు కనక. చీటీలు అంటించడం ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే అని ఇందాక అన్నది ఇందుకే.

తిప్పుని మేమ్‌కి అందించడం ఎలాగన్నది మిగిలింది. ఈ ఆటల్లో మెలికకి మేమ్ ముందుగా పెట్టిన కీలు మొదటి ఆటగాడికి జెడ్, ఎక్స్. కుడికి క్లిక్కు పడగానే ఒకటి, ఎడమకి పడితే ఇంకొకటి నొక్కి వదలమని ప్రో మైక్రోకి చెప్పొచ్చు. కానీ ఎంతసేపు నొక్కాలి? ఎమ్యులేటరు కీలని తెర చట్రానికి ఒకసారి చూస్తుంది, సెకనుకి దాదాపు అరవైసార్లు, అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి. అంతకన్నా తక్కువ నొక్కితే రెండు చూపుల మధ్య జారిపోయి క్లిక్కు పోవచ్చు. అంతకన్నా కొంచెం ఎక్కువ నొక్కితే ఒక్కోసారి రెండు చూపులకి చిక్కి, సెట్టింగుని బట్టి రెండు క్లిక్కులు కావచ్చు. పోకుండా, రెట్టింపు కాకుండా ఉండే నిడివి కోసం వెతకడం ఇసుకలో తైలం తీయడమే.

కాబట్టి కీబోర్డు వేషం మానిపించి బోర్డుకి మౌసు వేషం వెయ్యాలి. మౌసు "నొక్కాను" అనదు, "ఇంత జరిగాను" అంటుంది. జరిగిన లెక్క పోగవుతుంది, చట్రం ఎప్పుడు చూసినా మొత్తం దక్కుతుంది. క్లిక్కుకి ఒక స్థిరమైన లెక్క పంపి, మేమ్ అనలాగ్ మెనూలో సెన్సిటివిటీని పెంచుతూ తగ్గిస్తూ, ఆ లెక్క ఊహా స్టిక్కు మీద ఒక్క చోటుకి సరిపోయేలా పొందించాలి. మనిషి ఎదురు తిరిగితే అదే మెనూలో "రివర్స్" ఉంది, టంకం విప్పనక్కర్లేదు. ఇద్దరు ఆడాలంటే రెండు బోర్డులు రెండు మౌసులవుతాయి. వాటిని విడివిడిగా చూడమని మేమ్ సెట్టింగుల్లో చెప్పకపోతే ఇద్దరు సైనికులూ కవలల్లా ఒకేసారి తిరుగుతారు.

ఆరో బొట్టు ఇంకా అలాగే ఉంది. కర్రని మెల్లగా తిప్పితే ఆ మెట్టు దగ్గర రెండో ఆటగాడి మనిషి ఒక్క క్షణం కదలడు, తర్వాతి క్లిక్కుకి రెండు మెట్లు ఒకేసారి తిరుగుతాడు. విసురుగా తిప్పితే తెలియదు. నాకు తెలియనే లేదు. మేనల్లుడు మొదటి ఆటలోనే పట్టేశాడు.

"మామయ్యా, నీ మనిషికి ఇక్కడ నత్తి."